బృహన్నలయు, 1329 ఫసలీ చట్టమును

అర్జునుడు బృహన్నలగా విరాటుని కొలువు చేరు ఘట్టమును ఉప్పల్‌లోనైనా, నాచారంలోనైనా బోధించునపుడు తరగతిలో నవ్వులు వినబడుట కద్దు. తిక్కన భారతములో మాత్రము విరాటుడు నవ్వి పంపివేయలేదు. తన కుమార్తె ఉత్తరకు నాట్యము నేర్పు గురుస్థానమిచ్చినాడు. అదే మూర్తి గాజులతో, సొమ్ములతో ఒకప్పటి హైదరాబాదు వీధిలో నడచినచో ఏమగునో ఉపాధ్యాయులు ఆలోచింపదగినది.

ఏడవ నిజాము పాలనలో, 1329 ఫసలీలో, అనగా క్రీ.శ. 1919లో, ఒక చట్టము వచ్చినది. నగరములో నివసించు ‘నపుంసకుల’ పేర్లు పట్టికలో వ్రాయవలెను. బాలురను అపహరించువారన్న అనుమానము చాలును, పేరు ఎక్కుటకు. పేరెక్కినవారు స్త్రీల దుస్తులతోనో, ఆభరణములతోనో వీధిలో కనబడినా, బహిరంగముగా ఆడినా, పాడినా వారంటు లేకుండ పట్టుకొనవచ్చును. శిక్ష రెండేండ్ల వరకు. పదునారేండ్ల లోపు బాలుడు వారి ఇంట ఉన్నను నేరమే! దిక్కులేని పిల్లవానికి అన్నము పెట్టుటకైనా జంకవలసినదే గదా! 1871లో ఆంగ్లేయులు చేసిన నేరజాతుల చట్టపు పోలిక ఇందులో స్పష్టము. గౌరవవాచకమైన ‘ఖ్వాజా’ మన నోట ‘కొజ్జా’ అను తిట్టుగా మారిన తీరును భాషాభిమానులు గమనింపవలెను.

ఆనాడు ఉప్పల్ నగరము వెలుపలి పల్లె. 1956లో రాష్ట్రము మారినది. ‘తెలంగాణ ప్రాంత’ మన్న విశేషణముతో చట్టము నిలిచినది. 2007లో ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము మహానగరములో కలిసినది. అప్పటికిని చట్టము పోలేదు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు హిజ్రాలను, ట్రాన్స్‌జెండర్లను మూడవ లింగముగా గుర్తించిన తరువాత కూడ అది గ్రంథస్థమై ఉన్నది.

2018లో వైజయంతి వసంత మొగ్లిగారు మరి ఇద్దరితో కలిసి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యము వేసినారు. వారు స్వయముగా ట్రాన్స్‌జెండర్ మహిళ. పేరును పట్టికకెక్కించి భయపెట్టు చట్టము మీదికి, తమ పేరుతోనే వెళ్ళినారు. ఇది చిన్న సాహసము కాదు. 2023 జూలై 6న ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కరరెడ్డి గార్ల ధర్మాసనము ఆ చట్టము సమానత్వమునకు, గౌరవముతో జీవించు హక్కునకు విరుద్ధమని కొట్టివేసినది. ఆసరా పింఛను వారికిని వర్తింపజేయవలెనని, విద్యలోను ఉద్యోగములలోను రిజర్వేషను కల్పించవలెనని ప్రభుత్వమును ఆదేశించినది.

వ్యాజ్యము నడచిన యేండ్లలోనే మరికొందరు బహిరంగ జీవితములోనికి వచ్చినారు. 2018 శాసనసభ ఎన్నికలలో చంద్రముఖిగారు గోషామహల్ నుండి పోటీచేసినారు. 2022లో డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్ గార్లు ఉస్మానియా ఆసుపత్రిలో వైద్యాధికారులైనారు. ఆ ఆసుపత్రి, ఆ పాత చట్టము ఒకే నిజాము కాలమునాటివి. 2024 డిసెంబరులో శిక్షణ ముగించిన 39 మంది ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ సహాయకులుగా హైదరాబాదు కూడళ్ళలో నిలిచినారు, పోలీసుల పక్కనే.