రాగి తీగతో కుట్టిన పడవ

కొయ్య పడవ కట్టేవాడికి అన్నిటికన్నా కష్టమైన పని, పలక అంచును ఏ వంపులో కోయాలో తేల్చుకోవడం. కోరంగి, తాళ్లరేవుల్లో ఓడలు కట్టిన మన వడ్రంగులకైనా, ఇంగ్లండ్ రేవుల్లో పనిచేసిన వాళ్లకైనా ఇది తప్పలేదు. ముందు అడుగు దూలం వేయాలి. దాని మీద వంపు చట్రాలు నిలబెట్టాలి. ఆ చట్రాల మీద పలకలు తొడగాలి. పలక మధ్యలో వెడల్పుగా ఉండి రెండు కొసల్లో సన్నబడాలి. పైగా ప్రతి చట్రం దగ్గరా దాని అంచు ఏటవాలు మారిపోతుంటుంది. ఆనించి చూడటం, తీసి చిత్రిక పట్టడం, మళ్లీ ఆనించడం. ఇలా ఒక్క పలక కుదరడానికే బోలెడంత సమయం పడుతుంది. ఆ చూపు రావడానికి ఏళ్లు కావాలి. అందుకే ఇంట్లో బల్లలు, అలమరాలు సొంతంగా చేసుకునే వాళ్లు కూడా పడవ జోలికి పోయేవారు కాదు.

1963లో లండన్ బోట్ షోలో జనం ముందుకొచ్చిన ఒక చిన్న పడవ ఆ పరిస్థితిని మార్చేసింది. పేరు మిర్రర్ డింగీ. పొడవు 3.3 మీటర్లు, వెడల్పు సుమారు 1.4 మీటర్లు, ఖాళీ తొట్టె బరువు 45 కిలోల పైచిలుకు. తెడ్లు వేసి నడపొచ్చు, తెరచాప ఎత్తొచ్చు, వెనక చిన్న మోటారు తగిలించొచ్చు. ముందుగానే కోసి ఉంచిన విడిభాగాలన్నీ కలిపి ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు. కొన్నవాడు ఇంటికి తీసుకెళ్లి తానే కట్టుకోవాలి. అప్పటి నుంచి ఇలాంటివి 70 వేలకు పైగా తయారయ్యాయి.

దీని వెనక ముగ్గురున్నారు. ఒకరు జాక్ హోల్ట్, లండన్‌లో పడవలు గీసి కట్టిన నిపుణుడు. పిల్లల కోసం 1947లో క్యాడెట్ అనే పడవను రూపొందించాడు. 1956లో న్యూస్ క్రానికల్ పత్రిక కోసం నీలి తెరచాపల ఎంటర్‌ప్రైజ్‌ను చేశాడు. రెండోవాడు బారీ బక్నెల్. సొంత చేతులతో ఇల్లు బాగుచేసుకోవడం ఎలాగో బీబీసీ టెలివిజన్‌లో చూపించి ఇంటింటా పేరు తెచ్చుకున్నవాడు. 1962లో బీబీసీ ఒక పాడుబడ్డ ఇల్లు కొంటే, దాన్ని కెమెరా ముందే బాగుచేసి చూపించాడు. మూడోది డెయిలీ మిర్రర్ పత్రిక. డబ్బూ ప్రచారమూ దానివే, ఎర్ర తెరచాపలు దాని గుర్తు. ఈ పడవ పేరు చెప్పగానే ఆ ఎర్ర తెరచాపలే గుర్తొస్తాయి. నా మటుకు నాకు అసలు గొప్పతనం బక్నెల్ ముందుకు తెచ్చిన కుట్టు పద్ధతిలో కనిపిస్తుంది. అది అతనొక్కడి సొత్తు కాదు. ఇంచుమించు ఆ కాలంలోనే కెన్ లిటిల్‌డైక్ అనే బడిపంతులు కూడా కనూ అనే సన్నటి పడవలను ఇలాగే కుట్టి కట్టాడు.

ఆ పద్ధతి అర్థం కావాలంటే ఒక కాగితం చేతిలోకి తీసుకోండి. దాన్ని గొట్టంలా చుట్టొచ్చు, పొట్లంలా మడవొచ్చు. బంతి మీద ముడత పడకుండా మాత్రం పరవలేం. ప్లైవుడ్ షీటు గుణమూ అదే. ఒక దిక్కుకు వంగుతుంది, అదే చోట రెండో దిక్కుకు వంగమంటే పగులుతుంది. కాబట్టి ప్లైవుడ్ పడవ ఆకారం మొత్తం ఇలాంటి ఒకవైపు వంపులతోనే రావాలి. ఇప్పుడు ఆ కాగితంలోంచి రెండు పొడవాటి ముక్కలు కోసి, ఒక్కోదాని ఒక అంచును విల్లులా వంచి కత్తిరించండి. ఆ వంపు అంచులు రెండూ మొదలు నుంచి చివరదాకా కలిపి అంటిస్తే, కాగితాలు నేలమీద చదునుగా ఉండలేవు. కొసలు పైకి లేస్తాయి, మధ్యలో పొట్ట వస్తుంది. ఎవరూ వంచనక్కర్లేదు, చట్రం పెట్టి నొక్కనక్కర్లేదు. పడవ ఆకారమంతా ఆ అంచు గీతలోనే ఉంది. వడ్రంగి ఏళ్ల తరబడి సంపాదించిన చూపును హోల్ట్ ఒకేసారి గీతగా మార్చి పలక మీద పెట్టేశాడు. కట్టేవాడు చేయాల్సిందల్లా అంచుకు అంచు కలపడం.

మిర్రర్‌లో అడుగుకు రెండు పలకలు, పక్కలకు రెండు, ముందొకటి, వెనకొకటి. పలక మందం సుమారు 5 మిల్లీమీటర్లు. అడుగు పలకలు రెండింటినీ ఒకదాని మీద ఒకటి పరిచి, మధ్య అంచు వెంట కొద్ది కొద్ది దూరంలో సన్నటి బెజ్జాలు వేస్తారు. రాగి తీగ ముక్కను రెండు బెజ్జాల్లోంచి దూర్చి, కొసలు బయటికి తెచ్చి, పట్టకారుతో మెలి తిప్పుతారు. ఆ తర్వాత పలకలు తెరుస్తుంటే పడవ అడుగు కళ్ల ముందే లేస్తుంది. పక్క పలకలూ ఇలాగే కుడతారు. అంతా బిగించాక వచ్చేది తేలికగా, ఇంకా కాస్త ఊగుతూ ఉండే తొట్టె. ఇక్కడ తొందరపడకూడదు. మూల నుంచి మూలకు దారం పట్టి రెండు కర్ణాలూ కొలవాలి, అటూ ఇటూ మెలి పడిందేమో వంగి చూడాలి. ఈ దశలో మెలి ఉంటే తీగ వదులు చేసి సరిచేయొచ్చు. తర్వాత అతుకుల మీద పూసే రెజిన్ గట్టిపడ్డాక ఆ వంకర పడవ ఉన్నంతకాలం ఉంటుంది.

తర్వాత లోపలి నుంచి ప్రతి అతుకు మీదా ఫైబర్‌గ్లాస్ టేపు పరిచి, హార్డెనర్ కలిపిన పాలియెస్టర్ రెజిన్ పూస్తారు. తెల్లటి టేపు రెజిన్ పీల్చుకుంటూ పారదర్శకమవుతుంది. ఎక్కడైనా తెల్లమచ్చ మిగిలిందంటే అక్కడ గాలి చిక్కుకుందని అర్థం, బ్రష్షుతో అదిమి బయటికి పంపాలి. రెజిన్ వేడెక్కి గట్టిపడుతుంది. బయటి వైపు తీగ కొసలు కోసేసి, ఆకురాయి పట్టి, ఆ అతుకుల మీదా టేపు వేస్తే తీగల పని తీరిపోయినట్టే. గాజు నారలు లాగుడును తట్టుకుంటాయి, రెజిన్ వాటిని చెక్కకు కరిపిస్తుంది. భారం ఒక్క మేకు దగ్గర పడకుండా అతుకు పొడవునా పరుచుకుంటుంది. లోపల అడ్డంగా నిలబెట్టిన గోడలు బిగువునిస్తూ, ముందూ వెనకా పక్కలా గాలి గదులు ఏర్పరుస్తాయి. తిరగబడినా పడవ మునగదు.

పలకలు కుట్టి పడవ కట్టడం మన తీరానికి కొత్త కాదు. మద్రాసు రేవులో ఓడల నుంచి మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకు చేర్చిన మసులా పడవ పలకలను కొబ్బరి పీచు తాడుతోనే కుట్టేవారు. దానిలోనూ చట్రాలు లేవు. ఆంధ్ర తీరంలో అలివి వల వేసే జాలర్లు ఈ కుట్టు పడవలను వాడారు. కానీ రెండు కుట్లూ ఒకటి కావు. మసులాలో తాడు చివరిదాకా భారం మోస్తుంది. అల వచ్చి కొట్టినప్పుడు అతుకు కాస్త కదిలి, దెబ్బను మింగుతుంది. మేకులు కొట్టి బిగించిన పడవైతే ఆ ఒడ్డున పగిలేది. మిర్రర్ అతుకు అస్సలు కదలకూడదు, అక్కడ తీగ రెజిన్ ఆరేదాకా పట్టుకునే చేయి మాత్రమే. మసులా కట్టినవాళ్లు అలను దృష్టిలో పెట్టుకున్నారు, మిర్రర్ గీసినవాళ్లు కట్టేవాడి చేతిని.

కొనేవాడికి గ్యారేజీ, కారు తప్ప ఏమీ ఉండకపోవచ్చు. అందుకే తెరచాప కొయ్యను రెండు ముక్కలు చేశారు. కింది కొయ్య పొట్టిది, దాని వెంబడి పైకొయ్య దాదాపు నిటారుగా లేస్తుంది. రెండూ దించితే పడవ పొడవులోనే ఇమిడిపోతాయి, అంతా కలిపి కారు పైకప్పు మీద కట్టుకుపోవచ్చు. ముందు భాగం మొనదేలి ఉండదు, కోసేసినట్టు చదునుగా ఉంటుంది. ఇంత పొట్టి పడవలో మొనకోసం పలకను విపరీతంగా మెలి తిప్పాల్సి వచ్చేది. చదును ముక్కు వల్ల ఆ బాధ తప్పింది, లోపల చోటూ కలిసొచ్చింది. అడుగున ఒక గాడిలోంచి చెక్క పలక నీళ్లలోకి దిగుతుంది. పక్క గాలి తెరచాపను నెట్టినప్పుడు పడవ పక్కకు జారిపోకుండా ఈ పలకే నీటిని ఆనుకుని నిలుస్తుంది, మిగిలిన తోపుడు పడవను ముందుకు తీసుకెళ్తుంది. లోతు లేనిచోట దాన్ని పైకి లాగి తెడ్లు అందుకుంటే సరి.

ఈ ఏర్పాట్లన్నీ ఎంత పనికొస్తాయో ఎ. జె. మకిన్నన్ ప్రయాణం చూపించింది. ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో ఉపాధ్యాయుడిగా ఉన్న అతను 1997లో ఒక పాత మిర్రర్‌లో బయల్దేరి, కాలువలు, నదులు పట్టుకుని, ఇంగ్లిష్ ఛానెల్ దాటి, డాన్యూబ్ వెంట నల్లసముద్రం దాకా వెళ్లాడు. గాలి పడినచోట తెరచాప, పడనిచోట తెడ్లు.

ప్లైవుడ్‌కు శత్రువు దాని అంచు. పూత గీరుకుపోయిన చోట నీరు పొరల మధ్యకు ఎక్కి చెక్కను కుళ్లబెడుతుంది. తడి పడవను బోర్లించి, కింద గాలి ఆడేలా ఎత్తి ఉంచి ఆరబెట్టేవాళ్ల పడవలే ఎక్కువకాలం నిలుస్తాయి. కుళ్లిన భాగాన్ని కోసి, కొత్త ప్లైవుడ్ ముక్క పెట్టి, టేపు పరిచి, రెజిన్ పూస్తే పడవ మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. కట్టినవాడికి ఆ మరమ్మతు కొత్తగా నేర్చుకోవాల్సిన పనేం కాదు.