ఎండ అందరిదీ, నీడ కొందరిదీ

మే నెలలో టీవీలో ‘హైదరాబాద్ 42 డిగ్రీలు’ అని వస్తే, అది నీడలో కొలిచిన లెక్క. గాలి ఆడేలా పలకలు బిగించి, తెల్లరంగు వేసిన పెట్టెలో, దాదాపు మనిషి ఛాతీ ఎత్తున, ఎండ పొడ తగలకుండా ఉంచిన థర్మామీటరు చూపే అంకె అది. మిట్టమధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఆగిన డెలివరీ కుర్రాడి ఒంటికి తగిలే వేడి అంతకంటే చాలా ఎక్కువ. నెత్తిమీద సూర్యుడు, కాళ్ల కింద 60 డిగ్రీలకు చేరగల తారురోడ్డు, పక్కన బస్సు ఇంజను, ఎదురుగా అద్దాల భవనం మీద పడి తిరిగొచ్చే ఎండ. ఇవన్నీ కలిసి అతన్ని మాడుస్తాయి. గాలి ఎంత వేడిగా ఉందన్నది ఒక ప్రశ్న, మనిషి మీద ఎంత వేడి పడుతోందన్నది మరో ప్రశ్న. నగరానికి పచ్చదనం ఎందుకు కావాలో తెలియాలంటే ఈ రెండింటినీ విడివిడిగా చూడాలి.

నగరం వేడిని ఎలా పోగేసుకుంటుంది?

పల్లె కంటే పట్నం వేడిగా ఉంటుందన్న సంగతి కొత్తదేమీ కాదు. ల్యూక్ హోవార్డ్ అనే ఆయన రెండు వందల ఏళ్ల కిందటే లండన్ లోపలి, వెలుపలి ఉష్ణోగ్రతలు ఏళ్ల తరబడి రాసిపెట్టి, రాత్రిళ్లు నగరం ఎక్కువ వెచ్చగా ఉంటోందని చూపించాడు. కారణాలు ఇప్పటికీ దాదాపు అవే, వాటి బలమే పెరిగింది. మట్టినేల మీద ఎండ పడితే అందులో కొంత నేలలోని తడిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. అదే నేలను సిమెంటుతో కప్పేస్తే ఆవిరి కావడానికి తడే ఉండదు. వచ్చిన వేడిలో చాలా భాగాన్ని రోడ్లు, గోడలు, డాబాలు పీల్చుకుని, పొద్దుగూకాక మెల్లగా బయటికి వదులుతాయి. ఇరుకు వీధుల్లో ఎత్తయిన గోడల మధ్య ఆ వేడి ఆకాశంలోకి పోవడానికి దారి చాలదు, గాలీ సరిగా ఆడదు. దీనికి ఏసీలు తోడవుతాయి. గదిలోంచి తోడిన వేడే కాక, అవి వాడుకునే కరెంటు కూడా చివరికి వేడిగా మారి వీధిలోకే వస్తుంది.

అందుకే నగరపు వేడి అసలు దెబ్బ రాత్రిపూట తెలుస్తుంది. పగలంతా ఎండలో పనిచేసిన ఒళ్లు తేరుకోవాలంటే రాత్రయినా చల్లబడాలి. రేకుల ఇంట్లో, గాలి రాని గదిలో అది జరగదు. మర్నాడు అదే అలసటతో మళ్లీ ఎండలోకి వెళ్లాలి. వాతావరణ శాఖ కూడా దీన్ని లెక్కలోకి తీసుకుంటోంది. పగలు 40 డిగ్రీలో అంతకు మించో ఉండి, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత మామూలు కంటే 4.5 డిగ్రీలకు పైగా పెరిగితే ‘వెచ్చని రాత్రి’ అని విడిగా ప్రకటిస్తుంది.

ఇవి ప్రాణాలకు సంబంధించిన లెక్కలు. 2010 మేలో అహ్మదాబాద్‌లో ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. ఆ ఒక్క నెలలో మామూలు కంటే 1,344 మంది ఎక్కువగా చనిపోయారని పరిశోధకులు తర్వాత తేల్చారు. ఆ అనుభవంతోనే ఆ నగరం 2013లో దక్షిణాసియాలో మొదటి వడగాలుల కార్యాచరణ ప్రణాళిక తయారు చేసుకుంది. 2015 మేలో దేశంలో వడగాలులకు రెండు వేల మందికి పైగా బలైతే, వాళ్లలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లే. చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్లు.

చెట్టు చేసే రెండు పనులు

మొదటిది నీడ. గుబురు కొమ్మలున్న చెట్టు ఎండలో చాలా భాగాన్ని పైనే ఆపేస్తుంది. నీడ పడిన నేల కాలదు కాబట్టి కింది నుంచి కొట్టే సెగ కూడా తగ్గుతుంది. వేపచెట్టు కిందికి రాగానే ప్రాణం లేచొచ్చినట్టు అనిపించేది ఇందుకే. అక్కడి గాలిని కొలిస్తే బయటికీ అక్కడికీ తేడా ఒకటి రెండు డిగ్రీలే ఉండొచ్చు. ఒంటి మీద పడే వేడిలో మాత్రం తేడా చాలా పెద్దది.

రెండోది ఆవిరి. వేళ్లు తోడిన నీరు ఆకుల్లోని సన్నని రంధ్రాల గుండా ఆవిరై పోతుంది. కుండలో నీళ్లు చల్లబడేదీ ఈ సూత్రంతోనే. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి, దాన్ని చుట్టూ ఉన్న వాటి నుంచే లాక్కుంటుంది. లీటరు నీటికి పట్టే వేడిని కరెంటు లెక్కలో చెబితే దాదాపు 0.67 యూనిట్లు. నీటికి కొరత లేని పెద్ద చెట్టు రోజుకు వంద లీటర్ల దాకా ఆవిరి చేయగలదు. అంటే దాదాపు 67 యూనిట్ల వేడి. ఒకటిన్నర టన్నుల ఏసీ పూర్తి సామర్థ్యంతో పన్నెండు గంటలకు పైగా నడిస్తేనే గదిలోంచి అంత వేడి తోడగలదు. అయితే ఏసీ నాలుగు గోడల మధ్య పనిచేస్తుంది. చెట్టు పుట్టించిన చల్లదనం ఆరుబయట గాలిలో కలిసి చెదిరిపోతుంది. అందుకే ఒంటిచెట్టు కింద నీడే ఎక్కువగా తెలుస్తుంది, గుంపుగా చెట్లున్న చోట గాలి కూడా చల్లబడుతుంది.

ఎంత చల్లబడుతుంది? అనేక నగరాల్లో తీసిన కొలతలను కలిపి చూసిన ఒక సమీక్ష 2010లో వెలువడింది. పగటిపూట పార్కులో గాలి చుట్టుపక్కల కంటే సగటున 0.94 డిగ్రీలు చల్లగా ఉందని అందులో తేలింది. ఆ చలవ కూడా సాధారణంగా పార్కు వెడల్పంత దూరం దాటి పెద్దగా పోదు. ‘ఇంతేనా!’ అనిపించడం సహజం. కానీ యూరప్‌లోని 93 నగరాలపై 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూడండి. ఆ నగరాల్లో చెట్ల నీడ 30 శాతానికి పెరిగి ఉంటే 2015 వేసవిలో సగటున 0.4 డిగ్రీలు తగ్గేదని, 2,644 మరణాలు తప్పేవని అంచనా వేశారు. తగ్గేది అర డిగ్రీ కూడా కాదు, అయినా వేల ప్రాణాలు దక్కేవి.

చెట్టుకీ హద్దులున్నాయి

నేల ఎండిపోతే చెట్టు తన నీటిని కాపాడుకోవడానికి ఆకుల రంధ్రాలు మూసేస్తుంది. అప్పుడు ఆవిరి ఆగిపోయి నీడే మిగులుతుంది. మొదలు దాకా సిమెంటు పోసిన చెట్టుకు వాన నీరు కూడా అందదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమ ముందే ఎక్కువ, చెమట ఆరక ఉక్కపోస్తుంది. అలాంటి చోట ఆవిరి కంటే నీడా, గాలికి అడ్డు లేని వీధులూ ముఖ్యం. ఇక పచ్చిక బయలు కంటికి ఇంపుగానే ఉంటుంది, నీళ్లూ బాగా తాగుతుంది, కానీ మనిషికి నీడ ఇవ్వదు.

ఏ చెట్టన్నదీ చూడాలి. వేప, కానుగ ఎండలు ముదిరే వేళకు కొత్త ఆకు తొడిగి గుబురుగా ఉంటాయి. తురాయి ఎండాకాలం మొదట్లో ఆకు రాల్చి బోసిగా నిలబడుతుంది, ఈదురుగాలికి దాని కొమ్మలు విరుగుతాయి. త్వరగా పెరుగుతుందని ఊరూరా నాటిన కోనోకార్పస్‌ను తర్వాత వద్దనుకోవాల్సి వచ్చింది.

ఎన్ని చెట్లు? ఎవరి నెత్తిన నీడ?

భారత అటవీ సర్వే సంస్థ 2021 నివేదిక ప్రకారం హైదరాబాద్ నగరంలో అటవీ విస్తీర్ణం పదేళ్లలో 33.15 చదరపు కిలోమీటర్ల నుంచి 81.81కి పెరిగింది. దేశంలోని ఏడు మహానగరాల్లో ఇదే అతిపెద్ద పెరుగుదల. సంతోషించాల్సిన మాటే. అయితే ఆ సర్వేలో అడవిగా లెక్కకు రావాలంటే కనీసం హెక్టారు స్థలం, అందులో పది శాతమైనా చెట్ల కప్పు ఉండాలి. కేబీఆర్ పార్కు, విశ్వవిద్యాలయాల ఆవరణలు అందులోకి వస్తాయి. పాతబస్తీ సందులో చెట్టు ఉందో లేదో ఆ లెక్క చెప్పదు. అడ్డా మీద పనికోసం నిలబడ్డ కూలీకి, బస్సుకోసం చూసే ఆడవాళ్లకు, తోపుడు బండి మీద పళ్లు అమ్మే వాళ్లకు నీడ దొరుకుతోందో లేదో అసలే చెప్పదు. రోడ్డు మధ్య డివైడర్‌లో వరసగా నాటిన మొక్కలు లెక్కను పెంచుతాయి. వాటి నీడ మాత్రం నడిచేవాళ్ల మీద పడదు.

మొక్కల లెక్కతో మరో చిక్కు కూడా ఉంది. కొత్తగా నాటిన వంద మొక్కలు ఒక ముదురు చెట్టుకు ఈ వేసవిలో సాటి రావు. హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టడాన్ని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపించినప్పుడు అంత చర్చ జరిగిందంటే, పోయిన నీడ పదేళ్లకు గానీ తిరిగి రాదన్న భయమూ అందులో ఉంది.

నీడను మనుషుల దగ్గరికి తీసుకెళ్లిన నగరాలూ లేకపోలేదు. కొలంబియాలోని మెడెలిన్ 2016 నుంచి రోడ్ల వెంట, వాగుల వెంట 30 హరిత మార్గాలు పెంచింది. దాదాపు రెండు డిగ్రీల వేడి తగ్గిందని అక్కడి నగరపాలకులు చెబుతున్నారు. నగర వృక్ష నిపుణుడు సెసిల్ కొనైనెన్‌డైక్ గుర్తుంచుకోవడానికి వీలైన కొలమానం ఒకటి సూచించాడు. ప్రతి ఇంటి నుంచి కనీసం 3 చెట్లు కనిపించాలి, ప్రతి పేటలో 30 శాతం చెట్ల కప్పు ఉండాలి, 300 మీటర్లలోపు పార్కు ఉండాలి. మన కాలనీని ఈ మూడింటితో కొలిచి చూసుకుంటే, నగరం సగటు దాచిపెట్టిన తేడా బయటపడుతుంది.

చెట్టు ఎదిగేలోగా వేరే పనులు ఆగనక్కర్లేదు. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. డాబాకు ఎండను తిప్పికొట్టే తెల్లని పూత వేస్తే లోపలి గది చల్లబడుతుంది. చలివేంద్రాలు, నీడపట్టున బస్టాపులు, మధ్యాహ్నం పనికి విరామం వెంటనే చేయగలిగినవే. ఇవి చెట్టుకు తోడు మాత్రమే, బదులు కావు.

తెలుగు రాష్ట్రాల్లో చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. మీ వీధిలో గొడ్డలి కనిపిస్తే ఆ అనుమతి కాగితం చూపించమనండి. వచ్చే వానాకాలంలో మీ వార్డులో మొక్కలు నాటుతుంటే, ఎన్ని నాటుతున్నారని అడిగి ఊరుకోకండి. మధ్యాహ్నం రెండు గంటలకు ఆ నీడ ఎవరి మీద పడుతుందో, మొదటి మూడేళ్లు ఆ మొక్కకు నీళ్లు ఎవరు పోస్తారో కూడా అడగండి.