కంప్యూటరు చదువు తొలి చీటి

ధర్మసత్రమునకు బాటసారులు పలువురు వచ్చుచుందురు. సత్రము అందరిది; అందలి నియమములును అందరివే. అయినను ఒకరికి దీపము తలవైపున ఉండవలయును. వేరొకరికి కిటికీ తెరచి ఉండవలయును. ప్రతి బాటసారియు తన కోరికలను ఒక చీటిపై వ్రాసి ఉంచగా, అతడు వచ్చినప్పుడెల్ల సేవకుడు దానిని చదివి గదిని సిద్ధపరచినచో ఎంత సౌకర్యముగా నుండును! యూనిక్సు అను కంప్యూటరు వ్యవస్థయందు ఇట్టి ఏర్పాటే కలదు.

యూనిక్సు 1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పుట్టినది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు దాని నిర్మాతలలో ముఖ్యులు. ఒకే యంత్రమును పలువురు ఒకే సమయమున వాడుకొనునట్లు అది పెంపొందినది. ఒక్కొక్కరి యెదుట టెర్మినలు అను పరికరము ఉండెడిది. తొలినాళ్లలో అది టెలిటైపు యంత్రము. టెలిటైపు మోడల్ 33 సెకనునకు 10 అక్షరములను మాత్రమే కాగితముపై ముద్రింపగలిగెడిది. ముద్రితమైన అక్షరమును చెరుపుటకు వీలులేదు. కావున తప్పు దొరలినప్పుడు హ్యాష్ గుర్తును కొట్టినచో ముందరి అక్షరము రద్దగును. ఎట్ గుర్తును కొట్టినచో పంక్తి యంతయు రద్దగును. తరువాత తెర గల టెర్మినళ్లు వచ్చినవి. 1978లో వెలువడిన వీటీ 100 వానిలో ప్రసిద్ధమైనది. ఇట్లు పరికరములు పలు విధములగుటచే, తన యెదుట నున్నది ఏ విధమైనదో యంత్రమునకు తెలుపవలసిన అవసరము కలిగినది.

యూనిక్సు వాడువాడు తన పేరును, రహస్యపదమును తెలిపి లోనికి ప్రవేశించును. దీనినే లాగిన్ అందురు. అంతట షెల్ అను ప్రోగ్రాము మేల్కొనును. మనుష్యుని ఆజ్ఞలను గ్రహించి యంత్రముచే చేయించునది ఇదియే. 1979లో స్టీఫెన్ బోర్న్ రచించిన షెల్ వ్యాప్తిలోనికి వచ్చినది. ఆ కోవకు చెందిన షెల్లు నేడు మొదట అందరికిని ఉమ్మడియైన ప్రొఫైల్ అను ఫైలును చదువును; పిదప ఆ వ్యక్తి సొంత ప్రొఫైలును చదువును. సొంత ఫైలు పేరునకు ముందు ఒక చుక్క యుండును. ఆ చుక్క వలన అది సాధారణమైన పట్టికలో కనబడదు.

ఆ చీటిలో ఏమి వ్రాయుదురు? టెర్మినలు ఏ రకమైనదో వ్రాయుదురు. అది తప్పైనచో తెరపై అక్షరములు చెల్లాచెదరగును. అక్షరమును చెరుపుటకు ఏ మీటను వాడవలయునో నిర్ణయింతురు. ఆజ్ఞలను ఏయే చోట్ల వెదకవలయునో తెలుపుదురు. తాము కొత్తగా సృష్టించు ఫైళ్లను ఇతరులు చదువవచ్చునో లేదో నియమింతురు.

ఇందు ఒక అపాయము కలదు. ఈ చీటిని షెల్ ప్రవేశసమయముననే చదువును. కావున తప్పు వ్రాసిన క్షణమున ఏమియు కాదు. మరల ప్రవేశింపబోవునప్పుడే అది బయటపడును. ఒకడు అజాగ్రత్తతో చీటి చివర ఎగ్జిట్ అను మాటను వ్రాసెననుకొందము. వెడలిపొమ్మని దాని యర్థము. మరునాడు రహస్యపదము సరియైనదైనను, షెల్ ఆ మాటను చదివి వెంటనే ముగిసిపోవును. తన యింటి తలుపును తానే మూసుకొన్నట్లగును. అప్పుడు వ్యవస్థాధికారి వచ్చి దిద్దవలసినదే.

అందుచే వివేకవంతులు మార్పునకు ముందు పాత ఫైలునకు నకలు తీసి దాచుదురు. మార్చిన పిదప తామున్న టెర్మినలును మూయక, వేరొక టెర్మినలు నుండి ప్రవేశించి పరీక్షింతురు. తప్పున్నచో, తెరచియున్న మొదటి ద్వారము నుండియే దిద్దుకొందురు.

టెలిటైపుల కాలము గతించినది. నేడు లినక్సు, మాక్ కంప్యూటర్లలో టెర్మినలు తెరపై ఒక చిన్న గవాక్షముగా కనబడును. షెల్లును బట్టి చీటి పేరు మారుచుండును. పద్ధతి మాత్రము మారలేదు. యంత్రము మన భావమును ఊహింపదు, వ్రాసినదానినే పాటించును. కనుక దానికి వ్రాయు ప్రతి మాటను మనమే ముందుగా పరిశీలించుట యుక్తము.