సైకిలు నిక్కరు – గజ్జలలో తామర

గజ్జలలో దురదతో వచ్చే సైకిలు ప్రియులను నేను మొదట అడిగేది ఆహారం గురించి కాదు, నిక్కరు ఎప్పుడు ఉతికారని!

స్పాంజి మెత్త కుట్టిన ఈ నిక్కరును లోదుస్తు లేకుండా ధరిస్తారు. కనుక చెమట మెత్తలోనే ఇంకుతుంది. దానిని కొక్కేనికి తగిలించి మరునాడు మళ్ళీ తొడగడం దద్రువును, అనగా తామరను, పిలిచి తెచ్చుకోవడమే. సుశ్రుతుడు దద్రువును కుష్ఠములలో చేర్చి, అవి ఒకరి వస్త్రములు మరొకరు ధరించుట వలన సంక్రమిస్తాయని హెచ్చరించాడు.

ఇంటికి రాగానే నిక్కరును తిరగవేసి చన్నీట జాడించండి. ఐదారు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, వేడినీట నానబెట్టి పిసికి వడగట్టండి. ఆ రసం చల్లారిన తరువాత మెత్తను చేతితో అదుముతూ ఉతికి, నురుగు పూర్తిగా పోయేవరకు నీరు మార్చండి. మెలిపెట్టి పిండరాదు, పొడి తువాలులో చుట్టి అదిమితే చాలు. బట్టలను మృదువుపరచే సువాసన ద్రవాలు వద్దు, అవి చెమటను పీల్చే గుణాన్ని చెరుపుతాయి. మెత్త పైకి ఉండేటట్లు లేత ఎండలో ఆరవేయండి. వానాకాలంలో పైకి ఆరినట్లున్నా లోపల చెమ్మ నిలుస్తుంది. రెండవ జత ఉండవలసిందే.

కుంకుడు మురికిని వదలిస్తుంది గాని, పట్టిన తామరను మాన్పదు. దుకాణంలో అడిగి కొన్న స్టిరాయిడు లేపనంతో దురద అణగినట్లే ఉండి, తామర మరింత ప్రాకుతుంది. ఎర్రని వలయం కనిపించిననాడే వైద్యుని దర్శించండి. ఆ నిక్కరును, తువాలును ఇంటివారి బట్టలతో కలపకండి.