సనా ఎలా చేజారింది?

తిరుగుబాటుదారులు రాజధానిని పట్టుకున్నారని చదవగానే మీ కళ్ల ముందు నెలల తరబడి ముట్టడి, కూలిన భవనాలు కదులుతాయి. యెమెన్ రాజధాని సనా విషయంలో ఆ చిత్రం సరిపోదు. నగరం వాయవ్య శివార్లలో కొద్ది రోజులు గట్టి పోరే జరిగింది. కాని 2014 సెప్టెంబరు 21న హౌతీ సాయుధులు ప్రధానమంత్రి కార్యాలయంలోకి, రేడియో కేంద్రంలోకి ప్రవేశించినప్పుడు ఎదిరించినవారు దాదాపు లేరు. వారితో సహకరించమని భద్రతా దళాలకు చెప్పింది స్వయంగా అంతర్గత వ్యవహారాల మంత్రే!

ఇది ఎలా సాధ్యమైంది? హౌతీ ఉద్యమం ఉత్తరాన సాదా ప్రాంతపు జైదీ షియాల నుంచి పుట్టింది. 2004-2010 మధ్య ప్రభుత్వం వారిపై ఆరు విడతలుగా యుద్ధం చేసింది. తొలి విడతలోనే వారి నాయకుడు హుసేన్ అల్ హౌతీ హతుడయ్యాడు. ఆ యుద్ధాలు నడిపిన అధ్యక్షుడు అలీ అబ్దుల్లా సాలెహ్. 2011 ప్రజాందోళన ఫలితంగా ఆయన పదవి వదులుకున్నాడు గాని, సైన్యంలో ఆయన మనుషులు చాలామంది అలాగే ఉండిపోయారు. తన స్థానంలో వచ్చిన హాదీని దెబ్బతీయడానికి సాలెహ్ పాత శత్రువులతోనే చేతులు కలిపాడు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగిలినది మీకు సులభంగా బోధపడుతుంది. (2017 డిసెంబరులో ఆ స్నేహం తెగింది. రెండు రోజులకే ఆయన హౌతీల చేతిలో హతుడయ్యాడు.)

అవకాశాన్ని ప్రభుత్వమే అందించింది. 2014 జులై చివర ఇంధన సబ్సిడీ తీసేయడంతో లీటరు పెట్రోలు 125 రియాళ్ల నుంచి 200 రియాళ్లకు పెరిగింది. హౌతీలు ధరలు తగ్గించాలంటూ సనాలోనూ, నగర ద్వారాల వద్దా శిబిరాలు వేశారు. నిరసనకారుల వెంట తుపాకులూ వచ్చాయి.

దీనిని సైనిక కుట్ర అని రాయకండి. జవాబు పత్రాల్లో తరచు కనిపించే పొరపాటిది. సైనిక కుట్రలో సైన్యమే అధికారం లాక్కుంటుంది. ఇక్కడ సైన్యంలో అధిక భాగం పక్కకు తప్పుకుంది, బయటి సాయుధ ఉద్యమం లోపలికి వచ్చింది.

అదే రోజు ఐక్యరాజ్యసమితి మధ్యవర్తిత్వంలో ఒప్పందం కుదిరింది. హాదీ పేరుకు అధ్యక్షుడుగా మిగిలాడు. 2015 జనవరిలో అధ్యక్ష భవనం కూడా పోయాక రాజీనామా చేశాడు. ఫిబ్రవరిలో ఏడెన్‌కు తప్పించుకుని, రాజీనామాను వెనక్కి తీసుకున్నాడు. మార్చి 26న సౌదీ కూటమి వైమానిక దాడులు మొదలుపెట్టింది. రాజధాని హౌతీలది, అంతర్జాతీయ గుర్తింపు హాదీది. 2016 సెప్టెంబరులో ఆయన కేంద్ర బ్యాంకు ప్రధాన కార్యాలయాన్ని ఏడెన్‌కు మార్చాడు. ఆ తరువాత సనాలో రోజూ బడికి వెళ్లి పాఠం చెప్పే ఉపాధ్యాయుడికి జీతం ఎవరివ్వాలో తేలలేదు.