పౌలు అపొస్తలత్వమునకు ముద్ర యేది?

చిక్కడపల్లి గ్రంథాలయములోను, అశోక్‌నగర్ శిక్షణాలయములలోను రేయింబవళ్లు చదువుకొను యువతీయువకులను మన విద్యార్థులు నిత్యము చూచుచున్నారు. పరీక్షలో నెగ్గినవారు సైతము తుదకు తమ యోగ్యతాపత్రములను అధికారులకు చూపవలెను. నారాయణగూడ దేవాలయములలో ఆదివారమున పౌలు పత్రికలను వినునప్పుడు మనమును అట్లే అడుగవచ్చును: ఈయనకు ఈ యధికార మెక్కడిది?

ఈ ప్రశ్న న్యాయమైనదే. పౌలు పండ్రెండుగురిలో చేరినవాడు కాడు. యేసుతో గలిలయలో సంచరించినవాడును కాడు. పైగా సంఘమును హింసించినవాడు. అపొస్తలుడనగా పంపబడినవాడు. ఇతనిని పంపినదెవరని ఆ దినములలోనే పలువురు సందేహించిరి.

మొదటి సాక్ష్యము గలతీయులకు వ్రాసిన పత్రిక. దీనిని పౌలే వ్రాసెనని విశ్వాసులేగాక విమర్శకులును సామాన్యముగా నంగీకరింతురు. తన పిలుపు మనుష్యులవలన కలిగినది కాదని అతడందు చెప్పెను. అయినను మూడేండ్లకు యెరూషలేమునకు పోయి కేఫాయొద్ద 15 దినములుంటిననియు, 14 ఏండ్ల తరువాత మరల పోగా యాకోబు, కేఫా, యోహానులు తనతో కుడిచేయి కలిపిరనియు వ్రాసెను. అప్పటికి ప్రతిపక్షులు సజీవులై యుండిరి. ఇది కల్పితమైనచో వారు విచారించి బయలుపెట్టకుందురా?

రెండవది రాతిసాక్ష్యము. పౌలు కొరింథులో గల్లియోను అను అధిపతియెదుట నిలువబడెనని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయము చెప్పుచున్నది. గ్రీసుదేశమందలి డెల్ఫీలో దొరకిన శాసనఖండములు 1905లో ప్రకటింపబడెను. వానినిబట్టి గల్లియోను క్రీ. శ. 51-52 ప్రాంతమున అధిపతియై యుండెనని తెలియుచున్నది. కాబట్టి పౌలు బోధ సిలువ జరిగిన యిరువదియేండ్ల నాటి మాటయే. క్రీ. శ. 96 ప్రాంతమున రోమానుండి క్లెమెంతు కొరింథీయులకు వ్రాయుచు, పౌలు పత్రికను తీసి చదువుకొనుడని హెచ్చరించెను.

మూడవది అన్నిటికంటె మిన్న. ఆ కాలపు బోధకులు సిఫారసుపత్రికలు వెంటగొని తిరుగుచుండిరి. పౌలు కొరింథీయులతో, నా పత్రిక మీరే, నా అపొస్తలత్వమునకు ముద్రయు మీరే యనెను. తన రూపము బలహీనమనియు మాట కొఱగానిదనియు శత్రువులు పలికిన నిందను తానే వ్రాసికొనెను. లాభము చూపలేదు, గాయములు చూపెను. అయిదుమారులు కొరడాదెబ్బలు, మూడుమారులు బెత్తపుదెబ్బలు, ఒకమారు రాళ్లదెబ్బలు, మూడుమారులు ఓడ పగులుట అతని యోగ్యతాపత్రములు.

చరిత్ర యింతవరకే చెప్పగలదు. దమస్కు త్రోవలో పిలిచినవాడు క్రీస్తేయనుట విశ్వాసమునకు సంబంధించినది. అయితే ఆ విశ్వాసము ఆధారములేని గ్రుడ్డినమ్మకము కాదని పై సాక్ష్యములు తెలుపుచున్నవి.

మన తెలుగునాటను ఇట్టి పత్రికలు లేకపోలేదు. తాళ్లకొండపాటి యెర్రగుంట్ల పేరయ్యకు కళాశాలపట్టము లేదు. ఆయనయు తోడిబోధకులును ఒంగోలు ప్రాంతమున పల్లెపల్లెకు నడచి సువార్త చెప్పిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారే ఆ బోధకుల పత్రికలు.

తనకియ్యబడిన యధికారము కట్టుటకేగాని పడగొట్టుటకు కాదని పౌలు వ్రాసెను. ఉపాధ్యాయులమైన మాకును, తలిదండ్రులకును ఇది తగిన బోధ. శిక్షణకళాశాల యిచ్చిన పట్టము మాకు తరగతిలో ప్రవేశమునిచ్చును. మా పనికి ముద్ర వేయువారు మాత్రము విద్యార్థులే. కాబట్టి ప్రియవిద్యార్థులారా, మీ నడవడియే యీ పాఠశాల లోకమునకు వ్రాయు పత్రిక. అది చదువదగినదై యుండునుగాక!