చిటికెన వేలితో బుల్లెట్టు

తిరువొత్తియూరంటే మన తెలుగువారికి త్రిపురసుందరి మీద త్యాగయ్యగారు పాడిన కీర్తనలు గుర్తుకొస్తాయి. మోటారు సైకిలు పిచ్చి ఉన్నవారికి మాత్రం ఇది బుల్లెట్ల ఊరు. 1955లో మద్రాసులో పుట్టిన ఎన్‌ఫీల్డ్ ఇండియా వాటిని ఇక్కడి ఫ్యాక్టరీలోనే తయారుచేసింది.

ప్రెస్సు మిషన్‌లో నా ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు పోయాక, గేర్లులేని స్కూటరు కొనుక్కోమన్నారు అందరూ. మంచి సలహాయే, దానికి క్లచ్ బాధ ఉండదు. కానీ పాత బుల్లెట్టును వదలబుద్ధి కాలేదు.

దానికి గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి. ఎడమచేతికి ఉన్న పెద్ద పని క్లచ్ ఒక్కటే. మా వీధి మెకానిక్ కొత్త కేబులు వేసి, వంపులు తగ్గించి, నూనె పట్టించాడు. సగం బరువు అక్కడే దిగింది! లివరును కొసన పట్టుకుంటే తక్కువ బలం చాలు, తలుపును గడియ దగ్గర తోసినట్టే. నాకు మిగిలిన ఉంగరంవేలు, చిటికెనవేలు సరిగ్గా ఆ కొసకే అందుతాయి. లివరు ఇరుసుకు దగ్గరగా కేబులు తగిలిస్తే ఇంకా తేలికవుతుంది గానీ, కేబులు చాలినంత కదలదు, క్లచ్ పూర్తిగా విడవదు. ఆ జోలికి పోలేదు.

ఇంతకన్నా పెద్ద మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్.టి.ఓ. అనుమతి తీసుకోవాలి. చట్టంలో "ఇన్వాలిడ్ క్యారేజ్" అన్న మాట 2019 సవరణతో పోయి, "అడాప్టెడ్ వెహికల్" వచ్చింది. నాకు అదే నయమనిపించింది.

కుడిచేయి దెబ్బతిన్నవారికి కష్టం ఎక్కువ. యాక్సిలరేటరు, ముందు బ్రేకు రెండూ అటే కదా!

ఎన్నూరు రోడ్డు మీద కంటెయినర్ లారీల వెనక పాకేటప్పుడు చిటికెనవేలు లాగుతుంది. న్యూట్రల్‌లో పెట్టి చెయ్యి విదిలించుకుంటాను.